చేపకు లేని కోటా కాగితానికైనా పెట్టండి

పెళ్ళప్పుడు మా మామగారు ఒక ఇనప బీరువా ఇచ్చారు. ఇవాళ అందులో చీర లేదు, పంచె లేదు, పట్టుబట్ట అంతకంటే లేదు. నిండా ఉన్నవి మా బావమరిది పడవ తాలూకు కాగితాలు. పడవ పూడిమడక ఇసుక మీద హాయిగా పడుకుని ఉంటుంది. దాని బరువు మాత్రం గాజువాకలో మా పడకగదిలో ఉంటుంది.

ఆ కాగితాలేవో వాళ్ళింట్లోనే పెట్టుకోవచ్చు కదా అని అడిగే పెద్దమనుషులకు మనవి. వాళ్ళ ఇల్లు సముద్రానికి మరీ దగ్గర. ఆ ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలే పొడిపొడిగా రాలిపోతుంటే కాగితాలు ఏపాటి? పైగా ఆ ఇంటికొచ్చిన అల్లుళ్ళలో ఇంగ్లీషు ఫారం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడు ముళ్ళు పడ్డ క్షణం నుంచీ నేను అల్లుణ్ణి కాదు, ఆస్థాన లేఖకుణ్ణి. పండక్కి వెళితే అరిసెల పళ్ళెం కంటే ముందు ఆధార్ జిరాక్సు చేతికొస్తుంది. 'తమ్ముడికి మనం కాకపోతే ఎవరు చేస్తారు' అని మా ఆవిడ ఒక్క మాట అంటుంది. ఆ 'మనం'లో పెన్ను పట్టుకునేది ఎవరో ఇద్దరికీ తెలుసు.

సంగతి ఏమిటో విన్నవిస్తాను. మన తీరంలో ఎవరు ఎంత చేప పట్టుకోవాలన్న కోటా లేదు. ఐస్‌లాండులో ఉంది, న్యూజిలాండులో ఉంది, అలాస్కాలో ఉంది, ఇక్కడ లేదు. ఇక్కడ పడవ మీద అదుపు ఉంది. వల కన్ను మీద అదుపు ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు రాకూడదని హద్దు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంది. అంతేగానీ ఇన్ని కిలోల వంజరం, ఇన్ని కిలోల చందువ, మించితే నేరం అనే లెక్క లేదు. గంగమ్మ తల్లి ఎంత ఇస్తే అంత. పోనీ, చేపకు కోటా లేకపోతే కాగితానికైనా ఉండాలి కదా? అదీ లేదు. ఆఫీసు ఎన్ని అడిగితే అన్ని.

మా వాడిది ఇంజను బిగించిన ఫైబర్ పడవ. అది సముద్రం ముఖం చూడాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్టరైన పడవ వల వేయాలంటే 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద లైసెన్సు కావాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌డీ, ఏపీ అని మొదలవుతుంది. మోటారు పడవైతే మధ్యలో ఎంఓ వస్తుంది, మరపడవైతే ఎంఎం వస్తుంది. దాన్ని పడవ పక్కన పెద్దక్షరాలతో రాయించాలి. మా మేనల్లుడికి పదమూడో ఎక్కం రాదు గానీ ఈ నంబరు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. 2008 నవంబరులో ముంబయి మీదికి టెర్రరిస్టులు సముద్రం మీదుగా వచ్చాక మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు మొదలుపెట్టారు. దానికి నేనేమీ అనను. దేశం తన తలుపుకు గడియ పెట్టుకుంటుంటే గొణిగే మనిషిని కాను. కార్డు ఇచ్చినవాళ్ళే కార్డు జిరాక్సు అడిగినప్పుడు మాత్రం గొణుగుతాను.

డీజిలు మీద రాయితీ ఉంది. లీటరుకు 9 రూపాయలు, మోటారు పడవకు నెలకు 300 లీటర్ల దాకా. మంచిదే. అందులో జిరాక్సు కొట్టువాడి వాటా ఎంతో మా బావమరిది నోటి లెక్కతో చెబుతాడు. ఆ లెక్క ఇక్కడ రాస్తే కొట్టువాడు నొచ్చుకుంటాడు, రేపు మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళాలి.

వేటకు వెళ్ళడానికి కాగితం అడగడం న్యాయం. వెళ్ళనందుకూ అడుగుతారు. నిషేధ కాలంలో పొయ్యి వెలగాలి కాబట్టి ప్రభుత్వం మత్స్యకారులకు భృతి ఇస్తుంది. 2019లో అది 10 వేలు, 2025లో 20 వేలు అయింది. ఏ ప్రభుత్వం ఇచ్చినా కళ్ళకద్దుకుని తీసుకునే డబ్బే. కాకపోతే, వేటకు వెళ్ళలేదని ముందు తేలాలి. వెళ్ళానని చెప్పడం సులువు, బుట్ట ఎత్తి చూపిస్తే కానాగంతలే సాక్ష్యం చెబుతాయి. వెళ్ళలేదని చెప్పడానికి ఏం ఎత్తి చూపించాలి? ఖాళీ బుట్ట చూపిద్దామంటే అది వెళ్ళొచ్చినవాడి దగ్గరా ఉంటుంది. అందుకని మా వాడి పడవను ఒడ్డుకు లాగించి, నంబరు కనబడేలా తిప్పించి, యజమానినీ కళాసీలనూ దాని ముందు వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. ఆ రోజు ఒక కళాసి అత్తారింటికి వెళ్ళాడు. అతను సముద్రంలో లేడు, ఫొటోలోనూ లేడు. సముద్రంలో లేనందుకు డబ్బు రావాలి, ఫొటోలో లేనందుకు రాకూడదు. ఈ ధర్మసంకటం తీర్చమని నాకు ఫోను వచ్చింది.

"నాను ఏటకెల్లలేదని సేపల్నే అడగమను బావా!" అన్నాడు మా వాడు విసుగెత్తి.

చేపల దగ్గర వాంగ్మూలం తీసుకునే ఫారం ఇంకా రాలేదు. ఈ మాట పొరపాటున కూడా ఎవరి చెవినా వేయొద్దని అతనికి గట్టిగా చెప్పాను.

అసలు ఆ 61 రోజులు వేట ఆపేది చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని. నీళ్ళ లోపల ఏం జరుగుతోందో శాస్త్రవేత్తలు చెప్పాలి. ఒడ్డు మీద ఫారాలు గుడ్లు పెట్టడం మాత్రం నేను కళ్ళారా చూస్తున్నాను. ఏప్రిల్లో ఒంటరిగా వచ్చిన దరఖాస్తు జూన్ నాటికి అనుబంధాలతో, ధ్రువపత్రాలతో, అభ్యంతరాలతో పెద్ద సంసారం పెట్టేస్తుంది.

వేలిముద్రల కథ వేరు. మా బావమరిది చిన్నతనం నుంచీ తాడు లాగుతున్నాడు. నైలాను తాడు, ఉప్పునీళ్ళు, ఐసుగడ్డలు కలిసి అతని వేళ్ళ మీది గీతలన్నీ అరగదీసేశాయి. యంత్రం మీద వేలు పెడితే ఎర్రలైటు. తుడిచి పెడితే ఎర్రలైటు. కొబ్బరినూనె రాసి పెట్టమని లైన్లో ఒకాయన సలహా ఇచ్చాడు. రాసి పెడితే వేలు జారింది గానీ లైటు మారలేదు. పక్కనే ఉన్న నేను, జన్మలో తాడు పట్టనివాణ్ణి, సరదాకి వేలు పెట్టి ఉంటే పచ్చలైటు వెలిగేదే. ఆ చేతులు చూసి వీడు సముద్రం మీద బతికేవాడని ఏ ముసలమ్మయినా చెప్పేస్తుంది. అవే చేతులు చూసి వీడెవడో నాకు తెలియదంటుంది యంత్రం. మత్స్యకారుడని నిరూపించుకోవడానికి ఆ మనిషికి ఉన్న ఏకైక అడ్డంకి, అతను నిజంగా మత్స్యకారుడు కావడం. కంటిపాపను చూసేవి, ముఖం చూసేవి కూడా వచ్చాయంటున్నారు. రానివ్వండి. ఎండకు మాడిన ఈ ముఖమూ, ఆధార్ ఫొటోలో ఉన్న ఆ కుర్రాడి ముఖమూ ఒకటేనని ఒప్పుకునేంత పెద్దమనసు ఆ యంత్రానికి ఉండాలి మరి.

పేరు సంగతి చెబితే మీరు నవ్వుతారు, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆధార్లో ఇంటిపేరు ముందు వచ్చింది. బ్యాంకు పుస్తకంలో వెనక్కి పోయింది. రేషను కార్డులో ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. పడవ లైసెన్సులో ఎక్కడి నుంచో ఒక 'హెచ్' వచ్చి మధ్యలో కూర్చుంది. ఈ నలుగురూ ఒక్కరేనని అఫిడవిట్ ఇవ్వమన్నారు. నోటరీ దగ్గరికి వెళ్ళాం. ఆయన నలుగురి గుర్తింపు కార్డులూ తెమ్మన్నాడు.

జిల్లా సంగతి ఇంకా బాగుంటుంది. పడవ ఎక్కడికీ కదల్లేదు, ఇసుకలో దిగిన చోటే ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు పూడిమడక విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. లైసెన్సులో పాత జిల్లా, కంప్యూటర్లో కొత్త జిల్లా. 'అడ్రసు మారినట్టుందే, మారినట్టు ప్రూఫ్ ఉందా?' అని అడిగారు. ఇల్లు మారలేదు, జిల్లాయే మారింది అన్నాను. జిల్లా మారినట్టు ప్రూఫ్ ఇవ్వమన్నారు. జిల్లాలు మార్చింది నేనని ఆ కౌంటరులో అనుకుంటున్నారేమో. ఆ మాటకొస్తే తీరమే మారింది. మనం బళ్ళో 974 కిలోమీటర్లని బట్టీ పట్టిన ఆంధ్ర తీరం కొత్త కొలతల్లో 1,053 కిలోమీటర్లయింది. వంపులనూ మెలికలనూ ఇంకా సన్నగా కొలిచారు కాబట్టి. మా వాడి ఇంటి ముందు సముద్రం మునుపు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ఈ పెరిగిన తీరానికి కొత్త ఫారం వస్తుందేమోనని నా భయం.

ఇక వలలో పడకూడనివి పడడం. వాడి దరఖాస్తుకు అడిగే కాగితాల్లో వాడివి సగమే. పెళ్ళయి వెళ్ళిపోయిన మేనకోడలి పేరు ఇంకా రేషను కార్డులోనే ఉంది, కాబట్టి ఆమె కాగితం. ఆమె భర్తకు కారు ఉందేమోనని అతని కాగితం. ఎంత కరెంటు కాలుస్తున్నారో తేలాలని బిల్లు. మా అత్తగారి పింఛను పుస్తకం. సముద్రంలోకి వెళ్ళేది ఒక్కడు, కౌంటరు దగ్గర తేలేది వంశం మొత్తం.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది. లైసెన్సు రెన్యువల్‌కు వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను, మళ్ళీ వెళ్ళాల్సినవాణ్ణి. పాత లైసెన్సు జిరాక్సు జతచేయమన్నారు.

"అయ్యా, ఇది తమరిచ్చిందే" అన్నాను.

"మేమిచ్చిందేనని మాకు తెలియాలి కదండీ."

"మీ రిజిస్టరు మీ వెనక ర్యాకులోనే ఉంది కదా?"

"అది ఆఫీసు కాపీ. మీరు తెచ్చేది పార్టీ కాపీ" అన్నారాయన, చంటిపిల్లాడికి చెప్పినంత ఓపికగా.

కోప్పడి ఉంటే బాగుండేది. కోపంతో అయితే వాదించవచ్చు, ఓపికతో ఏం వాదిస్తాం? బయటికి వచ్చి జిరాక్సు తీయించాను. కొట్టువాడు ఏమీ అడగలేదు. నా ముఖం చూసి రెండు కాపీలు తీశాడు, రెండోది ఎలాగూ అడుగుతారని.

సరళీకరణ జరగడం లేదని నేననను. జరుగుతూనే ఉంది, నా భయమే అది. 2015లో డిజిలాకర్ వచ్చింది, కాగితాలన్నీ ఫోనులోనే అన్నారు. ఫోను చూపిస్తే ప్రింటు తీసుకురమ్మన్నారు. 2021లో అసంఘటిత కార్మికులకు ఈ-శ్రమ్ వచ్చింది. పడవ రిజిస్ట్రేషన్‌కు రియల్‌క్రాఫ్ట్ అనే పోర్టల్ ఉంది. మత్స్యకారుడికి డిజిటల్ గుర్తింపు ఇస్తామని 2024లో జాతీయ మత్స్య డిజిటల్ వేదిక వచ్చింది. 2025 జనవరిలో మన రాష్ట్రంలో వాట్సాప్ పాలన మొదలైంది. అదే ఏడాది నవంబరులో, మన ఆర్థిక జలాల్లో చేపలు పట్టే మరపడవలకూ పెద్ద మోటారు పడవలకూ యాక్సెస్ పాస్ ఉండాలని కేంద్రం నియమాలు తెచ్చింది. పాస్ ఉచితం. సంప్రదాయ మత్స్యకారులకూ చిన్న పడవలకూ మినహాయింపు. మా వాడు ఆ మినహాయింపులోకే వస్తాడని చెప్పాను. వాడు సంతోషించలేదు. "మినాయింపు ఉన్నట్టు కాయితం ఎక్కడిస్తారు బావా?" అన్నాడు. అనుభవం మనిషికి ఎంత నేర్పుతుందో చూడండి.

వచ్చిన ప్రతిదీ సింగిల్ విండో పేరుతోనే వస్తోంది. ఇన్ని ఒంటి కిటికీలు బిగించిన మేస్త్రీ ఈ ఇంటికి తలుపు పెట్టడం మరిచిపోయినట్టున్నాడు.

ఓటీపీ గురించి ఒక మాట. అది పది నిమిషాలు బతుకుతుంది. పడవ తెల్లారేదాకా రాదు. కొంత దూరం పోయాక ఫోనుకు సిగ్నలూ ఉండదు. అందుకని ఉపాయం ఆలోచించి అన్నిచోట్లా నా నంబరు ఇచ్చాం. అప్పటి నుంచీ వాడి ఓటీపీలతోపాటు తుపాను హెచ్చరికలు కూడా నాకే వస్తున్నాయి. 'సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, వేటకు వెళ్ళినవారు వెంటనే ఒడ్డుకు చేరుకోవాలి' అని అర్ధరాత్రి మెసేజి వస్తే గాజువాకలో మంచం మీద నేను లేచి కూర్చుంటున్నాను. వెళ్ళినవాడు అక్కడ, హెచ్చరిక ఇక్కడ. ఇది నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ రాత్రి మా ఆవిడ నవ్వలేదు.

నాలాంటి రోగి లోకంలో ఇంకెక్కడైనా ఉన్నాడేమోనని వెతకడం మొదలుపెట్టాను. తోడు దొరికితే సగం రోగం నయమవుతుంది. చేపలకు కోటా ఉన్న దేశాల వైపు చూశాను. అలాస్కాలో హాలిబట్ అనే బల్లపరుపు చేప ఉంది. దానికి రెండు కళ్ళూ తలకు ఒకే పక్కన ఉంటాయి. అలాంటి చూపును కౌంటర్ల వెనక చాలాసార్లు ఎదుర్కొన్నవాణ్ణి గనుక ఆ చేప నాకు వెంటనే తెలిసినదానిలా అనిపించింది. 1995కు ముందు దాని వేటకు కొన్నిచోట్ల ఏడాది మొత్తానికి 24 గంటల గడువులు ఏవో ఒకటో రెండో ఉండేవి. గంట కొట్టగానే అందరూ ఒక్కసారే బయల్దేరాలి. గాలివాన ఉన్నా ఆగడానికి లేదు, ఆ రోజు పోతే ఏడాది పోయినట్టే. పడవలు మునిగేవి, మనుషులు పోయేవారు. మిగిలినవాళ్ళు తెచ్చిన చేపంతా ఒకేసారి ఒడ్డున పడి ధర పడిపోయేది. 1995లో ఎవరి వాటా వారికి పంచారు. ఇక తొందర లేదు. మార్చి నుంచి నవంబరు దాకా సముద్రం బాగున్న రోజు చూసుకుని వెళ్ళి తన వాటా తాను పట్టుకోవచ్చు.

ఆ నిమ్మళానికి వెల కాగితం. వాటాకు పత్రం, ఏటా పర్మిట్టు, చేప దించే మూడు గంటల ముందు అధికారులకు కబురు, దించిన చేపకు తూకం లెక్క, కొనేవాడికీ పర్మిట్టు, చివర్లో పాలనా ఖర్చుల కింద అమ్మకం విలువలో 3 శాతం దాకా రుసుము. మొదటి పంపకంలో వాటా దక్కనివాడు కొనుక్కోవాలంటే 150 రోజులు పడవ మీద వేటపని చేసినట్టు రుజువు చూపాలి. ఇదంతా మా బావమరిదికి చదివి వినిపించాను.

"ఆళ్ళకి ఎల్లినట్టు రుజువు కావాల, ఈళ్ళకి ఎల్లనట్టు రుజువు కావాల. నాను అక్కడ పుట్టినా బాగున్ను" అన్నాడు.

నన్ను ముగ్ధుణ్ణి చేసింది మరొకటి. కాగితాల భారం తగ్గించడానికే అమెరికావాళ్ళు 1980లో ఒక చట్టం చేసుకున్నారు. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖ ఏదైనా జనం చేత ఫారం నింపించాలంటే ముందు దానికి పైనుంచి అనుమతి నంబరు తెచ్చుకోవాలి. నంబరు లేని ఫారం నింపలేదని ఎవరినీ శిక్షించడానికి వీల్లేదు. అంతటితో ఆగలేదు. ఫారం నింపడానికి సగటున ఎంతసేపు పడుతుందో చెప్పాలి. ఆ అంచనా గురించి ఏమైనా చెప్పాలనుకుంటే ఎవరికి రాయాలో కూడా చెప్పాలి. చేపల కోటా ఫారాల మీదా ఈ ముక్క ఉంటుంది. ఒక ఫారం తానుగా నోరు తెరిచి 'నాయనా, నీ ఆయుష్షులో ఇంత తింటున్నాను' అని ఒప్పుకోవడం నేనింతవరకు ఎరగను. కాగితం తగ్గించే ఆ మాట వల్ల కాగితం మరో పేరా పెరుగుతుందనుకోండి. అయినా మర్యాద మర్యాదే. మా వాడు మాత్రం "లైన్లో నిలబడ్డ టైం కూడా అందులో కలిపినారా?" అని ఒక్క ప్రశ్న వేసి నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడు. ఆ చట్టం వచ్చి నలభై ఏళ్ళు దాటాక కూడా, చేపల వేట మీద నియమాల బరువు తగ్గించమని 2025 ఏప్రిల్లో ట్రంప్ మళ్ళీ ఉత్తర్వు వేయాల్సి వచ్చింది. రోగం మొండిదే.

న్యూజిలాండు 1986లో కోటా పెట్టింది. అక్కడ పడవవాడు ఒక లెక్క రాస్తాడు, చేప కొన్నవాడు ఒక లెక్క రాస్తాడు, ఒకదానితో ఒకటి సరిచూస్తారు. కలవకపోతే విచారణ. తన వాటాకు మించి పట్టినవాడు ఆ అదనపు చేపకు ప్రభుత్వం నిర్ణయించిన వెల కట్టాలి. కోటా ఉన్నచోట కాగితం కాపలాదారు, అది నేను ఒప్పుకుంటాను. కాగితం పట్టు తప్పితే ఒకడి వాటా ఇంకొకడు తినేస్తాడు, ఇంకొన్నాళ్ళకు తినడానికి చేపే ఉండదు. మరి మా బీరువాలో ఉన్న కాగితం దేనికి కాపలా కాస్తోంది? యూరపుకు ఎగుమతయ్యే చేపకు 2010 నుంచి పట్టుబడి ధ్రువపత్రం ఉంది, నిజమే. అది ఎగుమతిదారుల గొడవ, మా వాడి వంజరం విశాఖ బజారు దాటదు. నేను నింపిన ఫారాల్లో ఈ నెల ఎంత చేప పట్టావు, మునుపటి కంటే పెరిగిందా తరిగిందా, ఏ చేప కనబడకుండా పోతోంది అనే కాలమ్ ఒక్కదాంట్లో చూడలేదు. తండ్రి పేరు మాత్రం అన్నింట్లో ఉంది. మా మామగారు పోయి చాలాకాలమైంది. ఆయన బతికుండగా ఇన్నిసార్లు ఆయన పేరు నేను రాయలేదు.

అందుచేత, చేపల కోటా సూత్రాలను కాగితాల మీద ప్రయోగించి చూడవలసిందిగా ప్రార్థన. ముందు శాస్త్రవేత్తల సంఘం ఒకటి వేసి, ఒక మధ్యతరగతి బీరువా ఏడాదికి ఎన్ని కాగితాలు మోయగలదో సురక్షిత పరిమితి తేల్చాలి. ఆ మొత్తాన్ని శాఖలకు వాటాలుగా పంచాలి. ఒక శాఖకు అదనంగా ఇంకో ధ్రువపత్రం అడగాలని మనసు పుడితే, పక్క శాఖ దగ్గర వాటా కొనుక్కోవాలి. రెవెన్యూవారు అంత తేలిగ్గా అమ్ముతారని నేననుకోను. వాటాకు మించి అడిగితే న్యూజిలాండు పద్ధతిలో ఆ అదనపు కాగితానికి వెల కట్టి దరఖాస్తుదారుడి చేతికి ఇవ్వాలి. సర్వర్ పనిచేయదన్న కబురు మూడు గంటల ముందే మాకు అందాలి, మేము బస్సెక్కక ముందు. ఫారం తయారుచేసే ప్రతి అధికారీ 150 రోజులు పడవ మీద ఉండాలని అడిగేంత దుర్మార్గుణ్ణి కాను. ఒక్క రాత్రి ఉంటే చాలు. తెల్లారాక వేలిముద్ర వేయించి చూద్దాం.

అన్నిటికంటే ముఖ్యం, ఏడాదిలో 61 రోజులు కొత్త ఫారాల మీద నిషేధం. ఆ రోజుల్లో ఫారం ఏదీ అచ్చు వేయలేదని రుజువుగా, ప్రింటరును హాల్లోకి లాగి, దాని నంబరు కనబడేలా తిప్పి, సిబ్బంది అంతా ముందు వరసగా నిలబడి ఫొటో దిగాలి. ఆ రోజు అత్తారింటికి వెళ్ళినవారి సంగతి తరవాత చూద్దాం.

కాగితం విలువ తెలియక అంటున్నాననుకోకండి. ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్ పడవల మీద పనికి వెళ్ళిన మత్స్యకారులు 2018 చివర పాకిస్తాన్‌వాళ్ళకు పట్టుబడ్డారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికి వచ్చారు. మొన్న 'తండేల్' సినిమాగా మీరు చూసింది ఆ కథే. ఫలానా మనిషి, ఫలానా ఊరు, ఫలానా పడవ అని చెప్పే కాగితం అలాంటి రోజున ప్రాణంతో సమానం. తుపాను రోజున ఎవరి పడవ ఇంకా రాలేదో తేల్చేదీ అదే. ఆ ఒక్క కాగితం ఎంత ముఖ్యమో తెలుసు కనుకే, మిగతావన్నీ దాని మీద పడి దాన్ని కప్పేస్తున్నాయని నా గోల. మొన్న అవసరమై రిజిస్ట్రేషన్ కాపీ కోసం వెతికితే, దానికంటే ముందు దాని జిరాక్సుకు జిరాక్సు దొరికింది.

నా కోటా పథకం మంత్రివర్గం దాకా వెళ్ళదని నాకూ తెలుసు. అది కుదరదంటే ఒక్కటే అడుగుతాను. తమరిచ్చిన కాగితాన్ని తమరే మళ్ళీ మమ్మల్ని అడగకండి. రిజిస్ట్రేషన్ తమ దగ్గర ఉంది. లైసెన్సు తమ దగ్గర ఉంది. జిల్లా మార్చింది తమరే. వేలిముద్ర పడలేదన్న సంగతి కూడా తమ దగ్గరే నమోదై ఉంది. మా వాడు పడవ నంబరు చెబుతాడు, మిగతాది తమ రికార్డులో తమరే చూసుకోవాలి. నంబరు వాడికి గుర్తు రాకపోతే మేనల్లుణ్ణి అడగండి.

ఈ విన్నపానికి జిరాక్సులేవీ జతచేయలేదు. అన్నీ తమ దగ్గరే ఉన్నాయి.